వాతావరణం మారితే పురుగు ఎలా మారుతుంది: రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది సాగర్ ఎడమ కాలువ కింద ఊరు. వరి, పత్తి, మిర్చి, కాస్త మొక్కజొన్న. వ్యవసాయం చదువుకున్నానని నాకు ఫోన్లు చాలా వస్తాయి. వానాకాలం మొదలైతే చాలు, అవే ప్రశ్నలు, అదే టెన్షన్. అందుకే ఎక్కువమంది అడిగినవి ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## అసలు ఏం జరుగుతోంది

ఎండలు ముదిరితే పురుగు చావాలి కదా, ఇంకా ఎక్కువెందుకు అవుతోంది?

పురుగు ఒంటికి మనలా సొంత వేడి ఉండదు. చుట్టూ గాలి ఎంత వెచ్చగా ఉంటే దాని ఒళ్లూ దాదాపు అంతే. చల్లగా ఉంటే నెమ్మదిగా తింటుంది, నెమ్మదిగా పెరుగుతుంది. వెచ్చబడితే గుడ్డు త్వరగా పగులుతుంది, లద్దె త్వరగా కోశంలోకి పోతుంది, రెక్కల పురుగు త్వరగా బయటికొచ్చి మళ్లీ గుడ్లు పెడుతుంది. మొక్కజొన్నలో కత్తెర పురుగుకి వెచ్చటి రోజుల్లో ఈ చక్రమంతా 30 రోజుల్లో పూర్తవుతుంది. గట్టి చలి ఉండే చోట శీతాకాలంలో 60 నుంచి 90 రోజులు పడుతుంది. ఒక్క తల్లి పురుగు వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. పంటకాలంలో ఒక్క తరం అదనంగా పుట్టుకొస్తే ఎన్ని పురుగులవుతాయో మీరే లెక్క వేసుకోండి.

దీనికీ ఒక హద్దుంది. 35 డిగ్రీలు దాటాక చాలా పురుగులు ఇబ్బంది పడతాయి, గుడ్లు సరిగ్గా పొదగవు. మే నెలలో 44 డిగ్రీలంటే పురుగుకీ కష్టమే. కానీ ఆ 44 వాతావరణ శాఖ థర్మామీటర్ చూపించే లెక్క. తడి ఉన్న చేలో, ఆకు అడుగున, దుబ్బు మొదట్లో అంత వేడి ఉండదు. పురుగు బతికేది అక్కడే.

ఒక్క డిగ్రీ పెరిగితే మనకే తెలియదు, పురుగుకేం తెలుస్తుంది?

మన దేశ సగటు ఉష్ణోగ్రత 1901 నుంచి 2018 మధ్య సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. వినడానికి చిన్నదే. పురుగు మాత్రం రోజూ అందే వేడిని కూడబెట్టుకుంటూ పెరుగుతుంది. రోజుకి ఒక డిగ్రీ ఎక్కువైతే నెల తిరిగేసరికి 30 డిగ్రీల ‘జమ’ చేరుతుంది. దాంతో దాని చక్రం రోజుల తరబడి ముందుకు జరుగుతుంది.

2018లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అంచనా ప్రకారం భూమి సగటు వేడి ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ వరి, గోధుమ, మొక్కజొన్నల్లో పురుగుల వల్ల జరిగే నష్టం 10 నుంచి 25 శాతం వరకు పెరుగుతుంది. ఎక్కువ దెబ్బ చల్లటి దేశాలకి, గోధుమకి. మన వరి ప్రాంతాల్లో పురుగు ఇప్పటికే తనకి నచ్చే వేడిలోనే ఉంది కాబట్టి ఇక్కడ పెరుగుదల అంత ఉండకపోవచ్చు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ‘ఎండ పెరిగింది, పురుగు పది రెట్లు అవుతుంది’ అని భయపెట్టి మందులు అమ్మేవాళ్లున్నారు. మన దగ్గర అసలు మారుతున్నది పురుగు వచ్చే వేళ. వాన ఆలస్యమవుతోంది, చలి తగ్గుతోంది, అకాల వర్షాలు పడుతున్నాయి. పురుగు క్యాలెండర్ వీటిని బట్టే కదులుతుంది.

2021లో మా మిర్చిని ముంచిన నల్ల తామర పురుగు వాతావరణ మార్పు వల్లే వచ్చిందా?

ఆ ఏడాది మా ఇంట్లో కూడా రెండెకరాల మిర్చి పీకేశాం. పూత విప్పి చూస్తే ఒక్కో పువ్వులో నల్లటి సన్నటి పురుగులు గుంపుగా కదిలేవి. అరచేతిలో పువ్వుని తట్టితే మిరియాల పొడి చల్లినట్టు రాలేవి. పూత పూతంతా నేలపాలైంది. ఆ బాధ తెలిసినవాడిగానే రాస్తున్నాను.

ఇది ఇండోనేషియా వైపు ఎప్పటినుంచో ఉన్న పురుగు. మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించింది. 2021లో ఖమ్మం, మహబూబాబాద్, గుంటూరు, ప్రకాశం మిర్చి మీద విరుచుకుపడింది. దేశం దాటి రావడానికి కారణం మొక్కల రవాణా, మనుషుల రాకపోకలు. వచ్చాక నిలదొక్కుకోవడానికి మన వెచ్చదనం తోడైంది. దాన్ని తినే శత్రువులు ఇక్కడ తగినన్ని లేవు. ఉన్న కొద్ది మిత్ర పురుగుల్ని మేమే రోజు విడిచి రోజు మందులు కొట్టి చంపేశాం. తప్పంతా ఎండ మీదకి నెట్టేస్తే మన చేతిలో ఉన్నది కూడా వదిలేసుకున్నట్టు అవుతుంది.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే పైరు ఏపుగా పెరుగుతుందంటారు, మంచిదే కదా?

ఆకు పెద్దదవుతుంది నిజమే, కానీ ఆకులో నత్రజని పలచబడుతుంది. అన్నంలో పప్పు తగ్గితే మనం రెండు ముద్దలు ఎక్కువ తిన్నట్టు, కావలసిన మాంసకృత్తుల కోసం పురుగు ఎక్కువ ఆకు తింటుంది. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థలో (అందరం క్రీడా అంటాం) పైన తెరిచి ఉండే గదుల్లో ఆముదం, వేరుశనగ పెంచి చూశారు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గదుల్లో ఆముదం దాసరి పురుగు, పొగాకు లద్దె పురుగు ఎక్కువ ఆకు మేశాయి, లద్దె దశలో ఎక్కువ రోజులు ఉన్నాయి. పెరిగిన ఆకులో కొంత వాటి పాలే.

మిడతలు మన దాకా వస్తాయా?

2018లో మెకును, లుబాన్ అనే రెండు తుఫాన్లు అరేబియా ఎడారిలో కుండపోతగా కురిశాయి. తడిసిన ఇసుకలో మిడతలు తరం మీద తరం పెరిగాయి. 2020 నాటికి అవి తూర్పు ఆఫ్రికాని, పాకిస్తాన్‌ని, రాజస్థాన్‌ని చుట్టేసి నాగపూర్ వైపు దాకా వచ్చాయి. ఆదిలాబాద్ సరిహద్దులో మనవాళ్లు కాపలా కాశారు. అరేబియా సముద్రం వేడెక్కి తుఫాన్లు పెరిగితే ఇలాంటి ఏళ్లు మళ్లీ రావచ్చు. మన నేలలు మాత్రం ఎడారి మిడత గుడ్లు పెట్టి స్థిరపడేందుకు అనువైనవి కావు.

## విత్తే ముందు

మృగశిరలో విత్తేవాళ్లం, ఇప్పుడు సరైన వాన జులైలో పడుతోంది. ఆలస్యమైతే పురుగు ఎక్కువా?

చాలా పంటల్లో ఎక్కువే. జొన్న ఆలస్యంగా విత్తితే మొవ్వు ఈగ గట్టిగా పట్టుకుంటుంది. వానాకాలం వరి నాట్లు ఆలస్యమైతే, మబ్బు, తుంపర తోడైతే ఉల్లికోడు (పిలకని ఉల్లి కాడలా గొట్టంగా మార్చే పురుగు) వస్తుంది. ముందు వేసిన చేలల్లో పెరిగిన పురుగంతా వెనక వేసిన లేత పైరు మీదకి వస్తుంది. కాబట్టి ఆలస్యమైన ఏడాది తక్కువ కాలపు రకం ఎంచుకోండి. ఊళ్లో అందరూ రెండు మూడు వారాల తేడాలోనే విత్తేలా మాట్లాడుకోండి. ఒకరు జూన్‌లో, ఒకరు ఆగస్టులో వేస్తే పురుగుకి మేత ఎప్పుడూ తెగదు.

అనంతపురం వేరుశనగలో ఎర్ర గొంగళి ఒక్కో ఏడాది ఒక్కో నెలలో వస్తోంది, ఎలా పసిగట్టాలి?

ఈ పురుగు వానని చూసే లేస్తుంది, తేదీని కాదు. కోశం నెలల తరబడి మట్టిలో నిద్రపోతుంది. తొలకరి గట్టిగా పడి మట్టి లోపలి దాకా తడిసిన రెండు మూడు రోజులకి రెక్కల పురుగులు బయటికొస్తాయి. వాన జూన్‌లో పడితే జూన్‌లో, ఆగస్టుకి జరిగితే ఆగస్టులో. పెద్ద వాన పడిన మర్నాటి నుంచి వారం రోజులు పొద్దుగూకాక చేల గట్ల మీద మంటలు వేయండి, దీపపు ఎరలు పెట్టండి. ఒక్క ఇంటివాళ్లు చేస్తే లాభం లేదు, ఊరంతా ఒకే వారం చేయాలి. ఆకుల అడుగున గుంపుగా ఉన్న చిన్న గొంగళ్లను ఆకుతో సహా తుంచి చంపడం ఇప్పటికీ అన్నిటికంటే చవకైన పని.

వేసవి దుక్కి ఇంకా పనిచేస్తుందా?

చేస్తుంది. ఎండలు పెరగడం మనకి కలిసొచ్చే ఒకే ఒక్క చోటు ఇది. ఏప్రిల్, మే నెలల్లో లోతుగా దున్నితే మట్టిలోని కోశాలు పైకొచ్చి ఎండకి మాడతాయి, మిగిలినవి కొంగలు, కాకులు ఏరుకుతింటాయి. అకాల వానతో ఒక పదును దొరికినప్పుడు వదులుకోకండి.

## పైరు మీద ఉన్నప్పుడు

వరిలో దోమపోటు ఒక్క వారంలో మడంతా ఎండబెట్టేసింది. ముందే ఎలా తెలుసుకోవాలి?

గట్టు మీద నిలబడి చూస్తే ఎప్పటికీ తెలియదు. పైన పచ్చగానే ఉంటుంది. మడిలోకి దిగి, కూర్చుని, దుబ్బుని రెండు చేతులతో విడదీసి మొదట్లోకి చూడండి. నీటి మట్టానికి కాస్త పైన గోధుమ రంగు దోమలు బారులు తీరి ఉంటాయి. దుబ్బుని అరచేత్తో కొడితే నీళ్ల మీద పడి పక్కకి గెంతుతాయి. ఇలా మడికి 20 దుబ్బులు, మూలమూలలా చూడండి. పిలక దశలో దుబ్బుకి 10 నుంచి 15, కంకి వచ్చే దశలో 20 నుంచి 25 ఉంటే అప్పుడు మందు ఆలోచించాలి. దోమని తినే సాలీళ్లు, ఆకుపచ్చటి మిరిడ్ నల్లులు బాగా కనిపిస్తుంటే ఇంకో నాలుగు రోజులు ఆగి మళ్లీ లెక్కపెట్టండి.

25 నుంచి 30 డిగ్రీల వేడి, గాలి ఆడని ఒత్తు పైరు, నిలవ నీరు, ఎక్కువ యూరియా ఉంటే దోమకి అంతకంటే ఏం కావాలి. సెప్టెంబర్, అక్టోబర్‌లో వానలు ఆగి, ఉక్కపోసి, రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే జాగ్రత్తపడండి. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలండి. చాలామంది ‘స్థలం వృథా’ అని మానేస్తున్నారు. గాలి, వెలుతురు మొదట్లోకి చేరేది, రేపు మందు కొడితే అది దుబ్బు మొదలు తడిపేది ఆ బాటల వల్లే. దోమ కనిపించగానే నీళ్లు తీసేసి మడిని ఆరగట్టండి.

సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు మాత్రం దోమకి కొట్టొద్దు. సాలీళ్లు, మిరిడ్లు చస్తాయి, దోమ రెట్టింపై తిరిగొస్తుంది. తప్పనిసరైతే ఎకరాకి పైమెట్రోజిన్ 120 గ్రాములు, దుబ్బు మొదళ్లు తడిసేలా కొట్టండి.

కత్తెర పురుగు వానాకాలం, యాసంగి అని తేడా లేకుండా ఎందుకుంటోంది?

ఇది అమెరికా ఖండాల వెచ్చటి ప్రాంతపు పురుగు. 2016లో ఆఫ్రికాలో, 2018 మేలో కర్ణాటక శివమొగ్గలో కనిపించి, అదే ఏడాది మన రాష్ట్రాలకి వచ్చేసింది. దీనికి చలికాలం నిద్రపోయే గుణం లేదు. గట్టి చలి ఉన్నచోట చచ్చిపోవాలి, లేదంటే వలస పోవాలి. మన దగ్గర ఆ చలి లేదు, పైగా ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట మొక్కజొన్న ఉంటుంది.

తల మీద తిరగేసిన ‘వై’ ఆకారపు తెల్లగీత, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలుంటే అదే. మొలిచిన వారం నుంచే సుడి ఆకు చూడండి. చిన్నగా ఉన్నప్పుడు 1500 పీపీఎం వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కాస్త పెరిగాక ఇమామెక్టిన్ బెంజోయేట్ లీటరుకి 0.4 గ్రాములు సుడిలో పడేలా కొట్టాలి. పురుగు ముదిరి సుడిలో పిప్పి మూత వేసుకున్నాక పైన కొట్టిన మందు లోపలికి దిగదు. అప్పుడు విషపు ఎరే గతి: 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం, 2 నుంచి 3 లీటర్ల నీళ్లు కలిపి ఒక రోజు పులియబెట్టి, వేసే అరగంట ముందు 100 గ్రాముల థయోడికార్బ్ కలిపి సుడుల్లో వేయాలి. చేతులకి తొడుగులు తప్పనిసరి. పశువుల్ని ఆ చేలోకి పోనివ్వకండి.

కంది పూతలో ఉండగా మబ్బు పడితే గుండె గుబేలంటోంది, నిజంగానే ప్రమాదమా?

ప్రమాదమే. మబ్బు, తుంపర, తేమ కలిస్తే మరుకా మచ్చల పురుగు పూతని, మొగ్గని గూడు కట్టేస్తుంది. గూటి లోపల ఉంటుంది కాబట్టి తర్వాత కొట్టిన మందు తగలదు. మబ్బు రెండు రోజులు దాటి ఉందంటే చేలోకెళ్లి పూగుత్తులు విప్పి చూడండి.

కొబ్బరి ఆకు కింద తెల్లటి సుడులు, మీద నల్ల మసి. చెట్టు చస్తుందా?

చావదు. ఇది సర్పిలాకార తెల్లదోమ. 2016లో తమిళనాడు పొల్లాచ్చి వైపు మొదట కనిపించి, గోదావరి జిల్లాల కొబ్బరికి, ఆయిల్ పామ్‌కి వచ్చింది. పొడి వాతావరణం, వేడి ఉంటే పెరుగుతుంది, గట్టి వాన పడితే కడుక్కుపోయినట్టు తగ్గుతుంది. వానలు లేని రోజులు పెరిగిన ఏడాది ఎక్కువ చూస్తాం. దీన్ని అదుపులో పెట్టే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ మన తోటల్లోనే ఉంది. రసాయన మందు కొడితే ముందు చచ్చేది అదే. ఒత్తిడితో నీళ్లు కొట్టండి, పసుపు రంగు జిగురు అట్టలు కట్టండి.

## మందు కొట్టేటప్పుడు

మధ్యాహ్నం ఎండలో కొడితే మందు పనిచేయదా?

సరిగ్గా చేయదు. చినుకు ఆకు మీద పరుచుకునేలోపే ఆరిపోతుంది, పురుగు ఆకు అడుగున దాక్కుని ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, మీ ఒళ్లు. చెమటతో తడిసిన చర్మం మందుని ఎక్కువ పీల్చుకుంటుంది. ఉక్కకి మాస్కు తీసేస్తాం, చొక్కా విప్పేస్తాం. 2017లో ఆదిలాబాద్ పక్కనే ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం ఒంటికెక్కి 20 మందికి పైగా చనిపోయారు. పైరు మనిషి ఎత్తు దాటింది, ఉక్కపోత, వరుసగా మందులు. దయచేసి పొద్దున 9 లోపు, లేదా సాయంత్రం 4 తర్వాతే కొట్టండి. గాలికి ఎదురు నడవకండి. తల తిరిగినా, కళ్లు మసకబారినా పని ఆపి, బట్టలు మార్చి, సబ్బుతో కడుక్కుని, మందు డబ్బా చేత పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

నెలలో ఆరుసార్లు కొట్టా, రకరకాల మందులు కొట్టా, పురుగు తగ్గలేదు. ఎందుకు?

డబ్బాలన్నీ తెచ్చి వరుసగా పెట్టి, పెద్ద అక్షరాల బ్రాండ్ పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న టెక్నికల్ పేరు చదవండి. ఒక రైతు ఇంట్లో ఇలాగే నాలుగు డబ్బాలు పెడితే మూడింట్లో ఉన్నది ఇమిడాక్లోప్రిడే. ఆయన మూడు మందులు మార్చాననుకున్నారు, పురుగు మాత్రం ఒకే మందుకి అలవాటు పడింది. వేడి వల్ల తరాలు త్వరగా తిరుగుతుంటే ఆ అలవాటూ త్వరగానే వస్తుంది. ఒక తరానికి ఒక గుంపు మందు (పురుగు మీద ఒకేలా పనిచేసేవన్నీ ఒక గుంపు), తర్వాతి తరానికి వేరే గుంపు. మూడు మందులు ఒకే ట్యాంకులో కలపమని ఎవరు చెప్పినా వినకండి.

ట్రైకోకార్డులు, వేపనూనె, బవేరియా ఈ ఎండలకి పనిచేస్తాయా?

వేళ చూసి వాడితే చేస్తాయి. బవేరియా లాంటి బూజు మందుకి తేమ కావాలి, ఎండ దాన్ని చంపేస్తుంది. సాయంత్రం, తడి ఉన్న పైరు మీద కొట్టండి. ట్రైకోకార్డుని (పురుగు గుడ్లని చంపే చిన్న కందిరీగలు బయటికొచ్చే గుడ్ల అట్ట) ఆకు అడుగు వైపు, సాయంత్రం పూట పిన్ను చేయండి. ఎండకి ఎదురుగా కడితే గుడ్లు లోపలే మాడిపోతాయి. అక్షింతల పురుగులు, సాలీళ్లకి నీడ కోసం గట్ల మీద బంతి, బొబ్బర్లు, అంచున నాలుగు వరుసల జొన్న వేయండి.

## కోత నుంచి నిల్వ దాకా

పత్తి మూడో తీత కోసం ఫిబ్రవరి దాకా ఉంచుతాం. గులాబీ పురుగు వల్ల తీసేయమంటున్నారు, అంత అవసరమా?

అవసరం. మనసుకి కష్టమని తెలుసు, ఆ చివరి రెండు క్వింటాళ్లు కూలి ఖర్చుకైనా వస్తాయని ఆశ. కానీ గులాబీ పురుగు లెక్క వేరు. కాయ పురుగుల్ని చంపే జన్యువు పెట్టిన బీటీ పత్తి 2002లో, రెండు జన్యువుల బీటీ 2006లో వచ్చాయి. ఈ పురుగు రెండింటికీ తట్టుకోవడం నేర్చుకుంది. ఇది పత్తిని వదిలి దాదాపు ఇంకెక్కడికీ పోదు. చలి, పొద్దు తగ్గడం చూసి లద్దె దశలోనే గింజల్లో, రాలిన కాయల్లో నిద్రపోతుంది. చలికాలం వెచ్చగా ఉండి, నీళ్లు పెట్టి పైరుని పచ్చగా ఉంచితే నిద్రపోకుండా తరం మీద తరం పెరుగుతుంది.

డిసెంబర్ చివరికి పంట ముగించండి. గొర్రెల్ని, మేకల్ని తోలి మిగిలిన కాయలు మేపండి. మోళ్లు పీకి ముక్కలు చేసి మట్టిలో కలపండి. వంటచెరకు కోసం ఇంటి దగ్గర గుట్ట వేస్తే అందులో నిద్రపోయిన పురుగే జులైలో మీ చేలోకి వస్తుంది. వచ్చే ఏడాది 45 రోజుల పైరు నుంచి లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగుల్ని రప్పించి పట్టేవి) పెట్టండి. వరుసగా మూడు రోజులు బుట్టకి రోజూ 8 రెక్కల పురుగులు పడినా, విచ్చుకోని గుడ్డి పూలు నూటికి పది కనిపించినా చర్య మొదలుపెట్టాలి.

కందులు, పెసలు నిల్వలో పుచ్చిపోతున్నాయి, ఇదివరకు ఇంత లేదు.

పుచ్చు పురుగు 30 డిగ్రీల దగ్గర దాదాపు నెలకో తరం తీస్తుంది. వెచ్చటి నెలలు ఎన్ని పెరిగితే అన్ని తరాలు. గుడ్లు చేలోనే కాయ మీద పడతాయి, మనం ఇంటికి మోసుకొస్తాం. పంటి కింద గింజ టప్‌మని విరిగేదాకా ఎండబెట్టి, చల్లారాక గాలి చొరని సంచుల్లో కట్టండి. ఇంటి వాడకానికైతే కిలోకి 5 మిల్లీలీటర్ల వంట నూనె పట్టించి ఉంచవచ్చు. పాత గోనెసంచుల్ని అలాగే వాడొద్దు, కుట్ల మధ్య పురుగు ఉంటుంది.

వాతావరణం, పురుగు కబురు ముందుగా ఎక్కడ దొరుకుతుంది?

కిసాన్ కాల్ సెంటర్ నంబర్ 1800-180-1551, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో జిల్లా సూచనలు తెలుగులో వస్తాయి.

నా చేను సంగతి నేనే రాసుకోవాలంటే ఏం రాయాలి?

వంద పేజీల నోట్‌బుక్ చాలు. తొలి పెద్ద వాన ఏ రోజు, విత్తింది ఏ రోజు, బుట్టలో తొలి రెక్కల పురుగు పడింది ఏ రోజు, 20 దుబ్బుల్లో ఎన్ని దోమలు, కొట్టిన మందు టెక్నికల్ పేరు, మూడో రోజు ఎన్ని మిగిలాయి. ఇంతే. మూడేళ్లు రాస్తే మీ చేలో పురుగు ఎంత ముందుకో వెనక్కో జరిగిందో తేదీలతో కనిపిస్తుంది. మాది మోటారు స్టార్టర్ పెట్టెలో, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, దారం కట్టిన పెన్సిల్‌తో పాటు ఉంటుంది. నీళ్లు పెట్టడానికి వెళ్లినవాళ్లెవరైనా రాస్తారు.